రెండు దెబ్బలు కొడితే రైట్

నాకు అన్నిటికంటే భయం ఒక్కటే. వెనక నేను లేనన్న సంగతి కూడా తెలియకుండా మా ఆయన ముందుకు వెళ్ళిపోతాడేమోనని.

పెళ్ళికి ముందు నా వెనకాల నాచారం గల్లీలన్నీ తిరిగిన మనిషే. పెళ్ళయిన దగ్గర్నుంచి నాకు పది అడుగులు ముందు నడుస్తాడు. చర్చికి పోయినా అంతే, ఉప్పల్ మార్కెట్‌కు పోయినా అంతే. ఒక్కసారి వెనక్కి చూడవయ్యా అంటే, నువ్వు వస్తూనే ఉంటావు కదా అంటాడు.

ఆయన పేరు తేజేష్. నాచారంలో వెల్డింగ్ పని. వరంగల్‌లో ఆయన స్నేహితుడు, మంచిర్యాలలో మా చిన్నమ్మ, చంద్రాపూర్‌లో వాళ్ళక్క శ్యామలమ్మ. అందరినీ ఒకే చుట్టులో చూసి రావాలట, ఎవరింట్లోనూ పడుకోవడానికి ఇబ్బంది పెట్టకూడదట. అందుకని మూడు నెలలు కూర్చుని పాత ట్రాలీ మీద నీలం రేకులతో ఒక ఇల్లు కట్టాడు. లోపల మంచం, కిటికీకి నా పాత చీర పరదా. దాన్ని పికప్ బండి వెనక కొండికి తగిలించి లాక్కుంటూ పోవడం. రైళ్ళు లేవా, బస్సులు లేవా అని అడిగి అడిగి నా నోరు నొప్పి పుట్టింది.

"నీ ఇల్లు నీతోనే వస్తది, ఇంకేం గావాలె?" అన్నాడు.

ముందు సీటు నిండా అక్కకు బియ్యం సంచులు, పచ్చడి జాడీలు. నేనూ, మా మూడేళ్ళ పాప షారోనూ వెనక ఆ రేకుల డబ్బాలో. లోపలి నుంచి పిలిస్తే ఆయనకు వినబడదు, ఫోను ఎత్తడు. మా నాన్న ఉప్పల్ డిపోలో కండక్టరు కాబట్టి బస్సు బెల్లు పద్ధతే పెట్టుకున్నాం. గరిటెతో రేకు మీద ఒక్క దెబ్బ కొడితే ఆగాలి. రెండు దెబ్బలు కొడితే రైట్, పోవచ్చు.

ఘట్‌కేసర్ దాటాక సన్నగా వాన మొదలైంది. పాపకు పాలు వేడి చేయించాలని ఒక్క దెబ్బ కొట్టాను. ఆగాడు. పాప నిద్రలో ఉంది. తలుపుకు బయట గొళ్ళెం పెట్టి, సీసా పట్టుకుని రోడ్డు పక్క హోటల్‌లోకి పోయాను. పాలు పొయ్యి మీద ఉండగానే వినబడింది, ఖంగ్, ఖంగ్.

పాప లేచింది. గరిటె దొరికింది. డబ్బా కదిలింది.

అరిచాను, పరిగెత్తాను, ఒక చెప్పు తెగింది. నా పిల్లను ఎక్కించుకుని నా ఇల్లు నన్ను వదిలి పోతోంది. వెనక నుంచి వస్తున్న బస్సుకు చేయి అడ్డం పెట్టాను. బ్యాడ్జీ మీద తారామణి అని ఉన్న కండక్టరు మేడం ఎక్కడికమ్మా అని అడిగితే, ఆ నీలం డబ్బా దాకా అన్నాను. ఆడవాళ్ళ ఉచిత టికెట్టుకు ఆధార్ కార్డు చూపించమంది. అది కూడా డబ్బాలోనే ఉందని చెప్పేసరికి ఏడుపొచ్చింది. ఆమె టికెట్టు సంగతి వదిలేసి, నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టింది.

బీబీనగర్ దగ్గరికి వచ్చేసరికి, పాపను భుజాన వేసుకుని, వానలో ఎదురుగా పరిగెత్తుకుంటూ వస్తున్న మనిషి కనబడ్డాడు. కనబడ్డాడు అనుకునేలోపే బస్సు ఆయన్ను దాటేసింది. తారామణి మేడం బెల్లు కొట్టింది.

దిగేలోపు తిట్లన్నీ సిద్ధం చేసుకున్నాను. దగ్గరికి వచ్చాక ఒక్కటీ గుర్తుకు రాలేదు. పాపను లాక్కున్నాను.

"ఏడికి పోతున్నవ్?"

"నీ దగ్గరికే. చాయ్ తాగుదామని తలుపు తీస్తే నువ్వు లేవు. నడుమ డివైడరు, డబ్బాతోని బండి తిరుగుతలేదు. గందుకే ఉరికొచ్చిన."

"అద్దంల సూడొచ్చు గదా."

"అద్దంల డబ్బా కనబడ్తది, నువ్వు కనబడవు." తడిచిన చేత్తోనే పాప తల తుడిచాడు. "నువ్వే రైట్ కొట్టినవనుకున్న. నువ్వు పొమ్మంటే పోత, ఆగుమంటే ఆగుత. నా అంతల నేను ఎప్పుడన్న ఆగిన్నా ఎస్తేరూ? నువ్వు ఎనక ఉన్నవనే గదా ముందర నడుస్త."

ఆరేళ్ళ కాపురంలో ఈ మాట చెప్పడానికి ఆయనకు నన్ను రోడ్డు మీద వదిలేయాల్సి వచ్చింది.

"పంచాయితీ అయ్యిందా అమ్మా, బస్సు పోవాలె" అంది తారామణి మేడం ఫుట్‌బోర్డు మీద నుంచి.

అదే బస్సులో డబ్బా దాకా పోయి దిగాం. బియ్యం సంచులు డబ్బాలోకి పోయాయి. నేను పాపతో ముందుకొచ్చి కూర్చున్నాను. చంద్రాపూర్ దాకా రోడ్డు కంటే నన్నే ఎక్కువ చూశాడు. రోడ్డు చూసి నడపవయ్యా అని తిట్టడంతోనే ప్రయాణమంతా సరిపోయింది.

తిరుగు ప్రయాణానికి ముందు పాపకు జ్వరం తగిలింది. డబ్బాలో వద్దని నన్నూ పాపనూ రైలెక్కించాడు. రైలు కదిలేదాకా కిటికీ ఊచ వదల్లేదు. జ్వరం తగ్గింది, మేం నాచారం చేరాం. ఆయన డబ్బా లాక్కుంటూ ఒక్కడే వస్తున్నాడు. ఫోను చార్జింగ్ పెట్టడం ఆయన పుట్టి బుద్ధెరిగాక నేర్చుకోలేదు, పొద్దుటి నుంచి స్విచాఫ్. పక్కన ఆగమని చెప్పేవాళ్ళు లేకపోతే ఆకలేసినా ఆగే మనిషి కాదు.

మీరు వరంగల్ రోడ్డు మీదుగా వస్తుంటే, కిటికీకి చీర పరదా కట్టిన నీలం డబ్బా ఎక్కడైనా కనబడితే, కాస్త ఆపించి, ఆ మనిషి అన్నం తిన్నాడో లేదో అడగండి.