ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకు

ఇంజనీర్ కసోంగో కొత్త గది అడ్రసు విదేశీయుల నమోదు ఆఫీసులో రాయించుకుని వచ్చిన మర్నాడే చచ్చిపోయాడు.

ఆ రోజు పొద్దున అతనుండే వాడలో పోలీసు రెయిడ్ జరిగింది. విదేశీయుల కార్డుల తనిఖీ. కాంపౌండులో ఉన్న మిగతా కాంగో వాళ్ళంతా గోడలు దూకి పరిగెత్తారు. గొడవ సద్దుమణిగాక తిరిగొచ్చి చూస్తే కసోంగో కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఒళ్ళో టీ కప్పు బోర్లా పడి ఉంది. వచ్చిన డాక్టరు గుండెపోటన్నాడు. గూఢచారి బ్యూరో లాబొరేటరీ మాత్రం విషమంది.

గార్బేజి కుప్ప పక్కన ఆపిన కారులో కర్నల్ ములోండో ఎదురు చూస్తున్నాడు. కుప్ప మీద మరాబు కొంగలు బట్టతలలు వేసుకుని నిలబడి ఉన్నాయి. ఫైదా నబింటు రోడ్డు దాటి వచ్చింది. కారు పక్కనున్న గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కార్డు."

ఫైదా రవికలోంచి మడతలు నలిగిన కాగితం తీసి చూపించింది. కర్నల్ అద్దం దించాడు.

"నా దగ్గరికి రావడానికి కూడా జిరాక్సేనా? ఒరిజినల్ ఏదీ?"

"భద్రంగా ఉంది అఫండే."

"ఎక్కడ?"

"భద్రంగా."

కర్నల్ నవ్వాడు. ఫైదాకి నవ్వు రాలేదు. ఆమె కాంగోలోని బుకావు నుంచి పారిపోయి కంపాలా వచ్చి సగం జీవితమైంది. పైకి చూస్తే న్సాంబ్యా గుట్ట కింద జడలల్లే దుకాణం. లోపల బ్యూరో ఏజెంటు. ఈ దేశం కోసం రెండుసార్లు కత్తిపోట్లు తింది. అయినా ఏటేటా అందరితోపాటే ఎండలో లైనులో నిలబడి నేను ఫలానా, ఫలానా చోట ఉంటున్నాను మహాప్రభో అని చెప్పుకోవాలి. ఇల్లు మారితే మళ్ళీ లైను. చెప్పుకోకపోతే నేరం. దొంగతనం చేసినవాడికి బెయిలు దొరుకుతుంది గానీ, అద్దె కట్టలేక గది మారినవాడికి దొరకదు.

"బ్రీఫింగ్ విను," అన్నాడు కర్నల్. "లక్స్ ఓరా ముఠా సంగతి నీకు తెలుసు. మీ గనుల్లో బంగారం తవ్వించి దొంగ విమానాలెక్కించే బాపతు. వాళ్ళ మీద విచారణ కమిషన్ ఎల్లుండి పొద్దున కూర్చుంటుంది. సాక్షులు ఇద్దరు. కసోంగో పోయాడు. మిగిలింది చిరిమ్వామి."

"మా కాంపౌండులోనే దాచాను. గని కార్మికుల యూనియన్ పెద్దాయన. మోకాలు సరిగ్గా లేదు, నోరు మాత్రం బాగా ఉంది."

"గది మారాడుగా? ఇవాళ ఆఫీసు మూసేలోపు కొత్త అడ్రసు రాయించకపోతే పర్మిట్ పోతుంది. పర్మిట్ లేని సాక్షిని కమిషన్ వినదు. ముఠా లాయర్లు దానికోసమే కాచుక్కూర్చున్నారు."

"రాయిస్తే హంతకుడికి తెలిసిపోతుంది. కసోంగోకి అయినట్టే అవుతుంది."

"అందుకే నువ్వున్నావు."

"అంటే ముసలాయన ఎర."

కర్నల్ కొంగల వైపు చూశాడు. "సోలాంజ్ వస్తుంది. ముఠాలో ఉంటూ మనకి పనిచేసే మనిషి. హంతకుడెవరో ఆమె కనిపెడుతుంది. కోడ్: మూడు పాయలా, నాలుగా? జవాబు: వాన పడితే నాలుగు."

"నా దువ్వెనలో రేడియో బ్యాటరీ అయిపోయింది అఫండే. బిల్లు పెట్టి చాలా కాలమైంది."

"చూస్తాను."

చూడడని ఇద్దరికీ తెలుసు.

*

చిరిమ్వామి అడ్రసు రాయించుకుని కుంటుకుంటూ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. దుకాణం ముందున్న స్టూలు మీద కూలబడి కుడి బూటు విప్పి, లోపలి అట్ట ఎత్తి, కార్డు ఉందో లేదో చూసుకుని మళ్ళీ తొడుక్కున్నాడు.

"గుమస్తా ఒరిజినల్ చూపించమన్నాడమ్మా. చూపించాను. చేతికిమ్మన్నాడు. అబ్బే, కళ్ళతో చూడు నాయనా అన్నాను. లైనంతా నవ్వింది."

"బాబాయ్, గుర్తుంది కదా? నేను 'జడ విప్పేయ్' అని అరిస్తే..."

"చేతిలో ఉన్నది పారేసి నేల మీద పడాలి. గుర్తుంది. కానీ నా గుండుకి ఆ మాటేంటే పిల్లా? ఇంకో మాట దొరకలేదా మీ గూఢచారులకి?"

"అందుకేగా. వేరెవరూ నీతో ఆ మాట అనరు."

ముసలాయన గుండు తడుముకుని ఒప్పుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నేను చచ్చినా ఫరవాలేదు ఫైదా. గనిలో కూలిన మట్టి కింద నావాళ్ళు ఉన్నారు. వాళ్ళ పేర్లు ఆ కమిషన్ ముందు గట్టిగా చదవాలి. చదివాక ఎవడేం చేసుకున్నా సరే."

ఆ పేర్లలో ఫైదా సొంత అన్న పేరు కూడా ఉంది.

సోలాంజ్ చల్లబడ్డాక వచ్చింది. వీధంతా ఆగి చూసింది. ఆకుపచ్చ పట్టు గౌను, ఎత్తుమడమల చెప్పులు, బోడా అద్దె బైకు దిగేటప్పుడు కూడా ఎర్రమట్టి అంటని నడక. కుర్చీలో కూర్చుని అద్దంలో ఫైదాని చూసింది.

"మూడు పాయలా, నాలుగా?"

"వాన పడితే నాలుగు."

జడలల్లుతుంటే సోలాంజ్ పెదవులు కదపకుండా మాట్లాడింది. "మీ కాంపౌండులో మూలగదిలో కొత్తగా దిగినవాడు. బిసిమ్వా. కార్డు లేదు. పగలు బయటికి రాడు. వాడే."

ఫైదాకి కూడా వాడి మీదే అనుమానం. వాడు ఎవరితోనూ మాట్లాడడు, తలుపు సందులోంచి గేటునే చూస్తుంటాడు.

"కర్నల్‌కి చెప్పాను," అంది సోలాంజ్. "రేపు పొద్దున రెయిడ్ పెట్టిస్తాడు. వాడు వెనక గోడ వైపు పరిగెడతాడు. నువ్వక్కడుండు."

"సరే."

"అలిసిపోయావక్కా. మొహంలో తెలుస్తోంది."

"నీకు తెలియదులే."

"ఎందుకు తెలియదు? పదేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నాగా. ఈ కార్డుల లైన్లో నా అందమంతా కరిగిపోయింది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఫైదా థర్మాస్ మూత తీసి, సలసల కాగిన నీళ్ళు గిన్నెలో పోసి, జడల కొసలు ముంచింది. కొసలు ముడుచుకుని బిగుసుకున్నాయి. గోడ వారన చెక్క తలకాయ మీద అమ్మకానికి పెట్టిన విగ్గుంది. చాలా పాతది, ఎవరూ కొనరు. దాని లోపలి కుట్టులో ఫైదా ఒరిజినల్ కార్డు ఉంది.

*

పొద్దున ఈలలు మోగాయి.

కాంపౌండు ఒక్క ఊపులో ఖాళీ అయింది. పర్మిట్ ఉన్నవాళ్ళూ పరిగెత్తారు, లేనివాళ్ళూ పరిగెత్తారు. పొయ్యి మీద బీన్సు అలాగే వదిలేసి ఒకామె బిడ్డని చంకనేసుకుని పక్కింటి కిటికీలోంచి దూరింది. ఉన్నవాళ్ళెందుకు పరిగెత్తాలని అడిగేవాడు ఎప్పుడూ పరాయి దేశంలో అద్దెకుండి ఉండడు. కార్డు ఇలా ఇవ్వు అంటాడు కానిస్టేబుల్. ఇస్తావు. జేబులో పెట్టుకుంటాడు. స్టేషన్‌కి వచ్చి మాట్లాడు అంటాడు. అంతే, నువ్వింక ఎవరివీ కావు.

చిరిమ్వామి మాత్రం గదిలోనే ఉన్నాడు. ఆ మోకాలితో గోడలు దూకలేడు.

ఫైదా వేడినీళ్ళ థర్మాస్ అతని గది తలుపు దగ్గర పెట్టి వెనక గోడ వైపు ఉరికింది. బిసిమ్వా అప్పటికే సగం ఎక్కేశాడు. ఆమె ఎగిరి కాలు పట్టుకుంది.

"వదులక్కా! నీకు పుణ్యముంటుంది!"

"ఎవడు పంపాడ్రా నిన్ను?"

"ఎవరూ పంపలేదు! గది మారాను, అడ్రసు రాయించలేదు. భయమేసి రాయించలేదు, రాయించలేదని ఇంకా భయమేసింది! అంతే! ఒట్టు!"

చొక్కా జేబులోంచి జిరాక్సు కాగితం జారి కింద పడింది. తడిసి, అతుకులేసిన కాగితం. వాడు ఒంటి చేత్తో గోడ పట్టుకుని, రెండో చెయ్యి ఆ కాగితం కోసం చాపుతున్నాడు. ప్రాణం మీదికొచ్చిందని లేదు, వాడికి కాగితమే కావాలి.

ఫైదా తల తిప్పి గేటు వైపు చూసింది.

గేటు దగ్గర కానిస్టేబుల్ సోలాంజ్‌ని ఆపాడు. "కార్డు" అన్నాడు. సోలాంజ్ చేతిసంచీ తెరిచి, నిగనిగలాడే ఒరిజినల్ కార్డు తీసి అతని చేతిలో పెట్టింది. పెట్టి, అతని వైపు చూడనైనా చూడకుండా గౌను కుచ్చెళ్ళు సర్దుకుంది. పాపం కానిస్టేబులే కంగారు పడ్డాడు. కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి, సెల్యూట్ కొట్టి తిరిగిచ్చేశాడు.

పదేళ్ళా ఇక్కడ?

పదేళ్ళు కాదు, పది రోజులు కూడా ఈ లైన్లో నిలబడి ఉండదు ఈ మనిషి.

సోలాంజ్ ఖాళీ కాంపౌండులోకి నింపాదిగా నడిచింది. చేతిలో చిన్న టీ ఫ్లాస్కు. చిరిమ్వామి గది తలుపు తోసింది.

ఫైదా కాలు వదిలేసింది. "దూకరా!"

బిసిమ్వా అవతల పడిన చప్పుడు వినకముందే ఆమె పరిగెత్తింది. నడుములో ఉన్న దువ్వెన తీసి నొక్కింది. రేడియో కిక్కురుమనలేదు. దాన్ని విసిరేసి థర్మాస్ అందుకుంది. గదిలో సోలాంజ్ తీయగా అంటోంది. "భయపడకండి బాబాయ్, పోలీసులు వెళ్ళిపోతారు. ముందు ఈ టీ తాగండి, అల్లం వేశాను." ముసలాయన కప్పు ఊదుతున్నాడు. పెదవికి తాకించాడు.

"బాబాయ్! జడ విప్పేయ్!"

కప్పు గోడకి కొట్టుకుని పగిలింది. చిరిమ్వామి మోకాలి సంగతి మరిచిపోయి దభీమని నేల మీద పడ్డాడు. సోలాంజ్ వెనక్కి తిరిగేసరికి ఆమె చేతిలో చిన్న పిస్తోలు ఉంది. ఫైదా థర్మాస్‌లో నీళ్ళన్నీ ఆ చేతి మీద కుమ్మరించింది. పిస్తోలు పేలింది, తూటా పైకప్పు రేకులోంచి పోయింది. తర్వాతది జడల పని. నిన్న తనే గట్టిగా అల్లిన జడలు గుప్పిట్లో పట్టుకుని ఫైదా ఆమెని నేలకి వంచింది.

"ఎలా తెలిసింది?" సోలాంజ్ పళ్ళ బిగువున అడిగింది. "నా కార్డు దొంగది కాదు. అసలైనది. మీ కర్నలే ఇప్పించాడు."

"అదే మరి," అంది ఫైదా రొప్పుతూ. "అసలైనది ఇచ్చేశావు."

కర్నల్ మనుషులతో పరిగెత్తుకొచ్చాడు. ఫైదా లేవలేదు. కూర్చునే అడిగింది.

"అడ్రసులు ఆఫీసులోంచి పొక్కుతున్నాయనుకున్నాం కదా అఫండే. చిరిమ్వామి ఎక్కడున్నాడో ఈమెకి ఎవరు చెప్పారు?"

"మన మనిషే కదా అని..."

"కసోంగో వాడలో రెయిడ్ పెట్టమన్నదెవరు?"

కర్నల్ ములోండో సోలాంజ్ వైపు చూసి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

*

కమిషన్ హాల్లో ముఠా లాయరు మొదటి ప్రశ్నే వేశాడు. "సాక్షి ఈ దేశంలో చట్టబద్ధంగా ఉన్నాడా? ప్రస్తుత అడ్రసు నమోదైందా? ఒరిజినల్ కార్డు కమిషన్‌కి దాఖలు చేయాలి."

చిరిమ్వామి అందరి ముందూ కుడి బూటు విప్పాడు. హాల్లో ఎవరో ముక్కు మూసుకున్నారు. అట్ట కింద నుంచి కార్డు తీసి కుంటుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళాడు. కమిషన్ అధ్యక్షురాలు చెయ్యి చాపింది.

"ఇస్తానమ్మా," అన్నాడు. "కానీ మీరు చూసినంతసేపూ ఒక అంచు నేను పట్టుకుంటాను."

లాయరు నవ్వాడు. అధ్యక్షురాలు నవ్వలేదు. రెండో అంచు పట్టుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, మొన్న అడ్రసు రాయించిన తేదీ వరకూ అన్నీ చదివింది. "సరిగ్గా ఉంది. మొదలుపెట్టండి" అని చెయ్యి తీసేసింది.

అప్పుడు ముసలాయన పేర్లు చదవడం మొదలుపెట్టాడు. గట్టిగా, ఒక్కొక్కటే. వెనక వరసలో ఫైదా తల వంచుకుని కూర్చుంది. అన్న పేరు వచ్చినప్పుడు తలెత్తింది. పేర్లు పూర్తికాకముందే ముఠా లాయరు ఫైళ్ళు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

బయట మెట్ల మీద కర్నల్ కలిశాడు.

"నీ కవర్ పోయింది. దుకాణం మూసెయ్. రుబాగా గుట్ట మీద ఇంకో గది చూశాం."

"సరే అఫండే."

"గది మారావు కాబట్టి వెళ్ళి అడ్రసు రాయించుకో. ఆలస్యం చెయ్యకు, మనవాళ్ళే పట్టుకుంటారు."

"మీరొక్క మాట చెబితే ఈ లైను తప్పుతుంది కదా."

"ఎలా చెప్పను?" కర్నల్ నిజంగానే బాధపడ్డాడు. "నువ్వెవరో మాకు తెలియదు కదా."

ఫైదా విగ్గుని సంచీలో వేసుకుని వెళ్ళి లైనులో నిలబడింది. ఎండ నడినెత్తికొచ్చింది. కిటికీ దగ్గరికి చేరగానే గుమస్తా తలెత్తకుండా అడిగాడు.

"వృత్తి?"

"జడలల్లుతాను."

"ఒరిజినల్."

విగ్గు కుట్టు విప్పి కార్డు తీసి, కిటికీ గట్టు మీద పెట్టి, ఒక అంచు మీద వేలు నొక్కి ఉంచింది.

"వదలండి," అన్నాడు గుమస్తా.

"మీరు చూడండి," అంది ఫైదా.

వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. మోచేతికి కట్టు కట్టుకుని, అతుకుల జిరాక్సు గుండెకి హత్తుకుని బిసిమ్వా నిలబడి ఉన్నాడు.

"నా కాలైతే వదిలేశావు గానీ అక్కా," అన్నాడు వాడు, "దాన్ని మాత్రం వదలకు."