గ్రూపులో పెట్టిన చెయ్యి

పొద్దున్నే ఛత్రినాక సందులో పాలబండి హారన్ మోత తగ్గకముందే సక్కుబాయి ఫోను మోగింది. ఒకప్పుడు ఆమె కింద పనిచేసిన నర్సు అఖిల.

"సిస్టర్, పానం ఎట్లుంది? మా నర్సుల వాట్సాప్ గ్రూపుల మీ చెయ్యి చూసిన. పచ్చబొట్టు సిలువ చూసి ఇప్పుడే గుర్తువట్టిన."

టైఫాయిడ్ జ్వరం కంటే ఆ మాటే సక్కుబాయిని ఎక్కువ కాల్చింది. ఉద్యోగమంతా సర్కారు దవాఖానాలో నర్సు. ఎవరికీ దొరకని నరం సక్కు సిస్టర్‌కు దొరుకుతుందని పెద్ద డాక్టర్లే కబురు పెట్టేవారు. ఆ చెయ్యే ఇప్పుడు సూదిపోట్లతో కమిలి నలుగురిలో పడింది.

కోడలు సోనీ కూడా నర్సే, ప్రైవేటు దవాఖానాలో. ఇంజెక్షన్లు ఇంట్లో తనే ఇస్తానంది. నిన్న సాయంత్రం నరంలోని సన్న గొట్టం ఊడిపోతే, కొత్తది పెట్టబోయి రెండుసార్లు తప్పింది. ఈ పొద్దు మందు పడి తీరాలి.

వేడినీళ్ల గిన్నె, గుడ్డ పట్టుకుని సోనీ రాగానే సక్కుబాయి చెయ్యి లాక్కుంది.

"ముట్టకు. డానియేలూ, కాంపౌండర్ను పిలువురా!"

"పొద్దుపొద్దున ఏం లొల్లమ్మా?" చొక్కా తొడుక్కుంటూ వచ్చాడు కొడుకు.

"నీ పెండ్లాన్నడుగు. నా చెయ్యి ఫోటో దీసి లోకమంతా చూపెట్టింది. మా దవాఖాన అఖిల గుర్తువట్టి ఫోన్ జేసింది. ముసల్దానికి నరం దొరుకుతలేదని అందరి కాళ్లు మొక్కింది!"

సోనీ ముఖం పాలిపోయింది. "మొకం పెట్టలే అత్తమ్మా. ఉత్త చెయ్యే గదా, ఎవరు గుర్తువడ్తరనుకున్న. తప్పైంది."

"ఇంట్ల నన్ను పెట్టుకొని ఊరోళ్లనడుగుతవా? నన్నడగనీకి నోరు రాలేదా?"

సోనీ గిన్నె కింద పెట్టింది. ఏనాడూ అత్తకు ఎదురు చెప్పని పిల్ల తలెత్తింది.

"అడిగిన అత్తమ్మా. కొత్తగ డ్యూటీల చేరినప్పుడు నరం ఎట్ల దొరకవట్టాల్నో మిమ్మల్నే అడిగిన. చుట్టాలందరి ముంగట నవ్విండ్రు. పైసలు కట్టి చదివినవు గదా, తీసుకున్నోళ్లనే అడుగు అన్నరు. ఆ దినం బాత్రూంల కూసోని ఏడ్చిన. గ్రూపుల ఉన్నోళ్ల మొకాలు గూడ నేను చూడలే. ఒక్కరు నవ్వలే."

డానియేలు తల్లివైపు చూడలేక గుండీలు పెట్టుకుంటూ నిలబడ్డాడు.

"ఏం చెప్పిండ్రు మరి, గంత గొప్పోళ్లు?" వెటకారం చేయబోయింది సక్కుబాయి.

సోనీ ఫోను తీసి చదివింది.

"'రబ్బరు గట్టిగ కట్టకు చెల్లె, పెద్దోళ్ల నరం పగుల్తది. వేడి గుడ్డ వేసి, చెయ్యి జరసేపు కిందికి వేలాడనియ్యి. మాకిది ఎవరూ చెప్పలే. మా వార్డుల పెద్ద సిస్టర్ సూది పెట్టేటప్పుడు మాకు కనవడకుండ తెర గుంజుకునేది. సందులకెల్లి చూసి నేర్చుకున్న. ఆ తిప్పలు నీకెందుకు?'" సోనీ గొంతు తగ్గింది. "అఖిలక్క రాత్రి రాసింది. అప్పటికి ఎవరి చెయ్యో ఆమెకు తెల్వదు."



తెర గుంజిన మాట నిజమే. మొగుడు పోయిన సక్కుబాయిని దవాఖానాలో తలెత్తుకుని తిరగనిచ్చింది ఆ నేర్పొక్కటే. అది అందరికీ వస్తే తనను పిలిచేదెవరని భయపడింది. రిటైరైన మర్నాటి నుంచి ఎలాగూ ఎవరూ పిలవలేదు. దాచుకున్నది తనతోనే మూలన పడింది. అఖిల దొంగచాటుగా చూసినదే ఎందరికో అన్నం పెడుతోంది. సక్కుబాయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

చాలాసేపటికి తనే చెయ్యి చాపింది. సోనీ వేడి గుడ్డ చుట్టి, చెయ్యి మంచం పక్కకు వేలాడదీసి, తర్వాత సూది అందుకుంది.

"ఆగు. అఖిల ఎనకకెల్లి చూసింది. నా ఎడమ చెయ్యి ఆమెకు కనవడలే. బొటనవేలుతోని తోలు కిందికి గుంజి పట్టు, లేకుంటే నరం జారిపోతది. గట్ల. సూది నిలువుగ గాదు, పండవెట్టు. ఇంక జర."

గొట్టంలో ఎర్రగా నెత్తురు కనబడింది. సోనీ ప్లాస్టరు అంటించి, ఊపిరి వదిలింది.

"అత్తమ్మా, ఇది గ్రూపుల రాయనా?"

"రాయి. నా పేరొద్దు బిడ్డా. ఇన్నేండ్లు ఎవ్వలకు చెప్పనిదాని పేరు గాడ ఎందుకు?"

సక్కుబాయి గోడవైపు మొహం తిప్పుకుంది. చెయ్యి మాత్రం కోడలి ఒళ్లోంచి తీయలేదు.