మధ్య పేజీ

పేజీలకు అంకెలు వేయని నివేదిక సామ్రాజ్యాలకే అరిష్టం. ఈ పరమసత్యాన్ని గూఢచారి శాఖ గణాంకవేత్త ‘దశాంశం’ కాస్త ఆలస్యంగా గ్రహించాడు.

ఉదయం తొమ్మిదిన్నరకు చీఫ్ అతన్ని పిలిచి ఫైలు ముందుకు తోశాడు. కొత్త విమానపు ఇంజను పరీక్ష సరిగ్గా పదకొండుకు. ఇంధనాన్ని గాలితో భాగిస్తే వచ్చే నిష్పత్తి హద్దు దాటి ఊగిందా, ఇంజను పేలుతుంది. ఆ ఊగిసలాటకు, అంటే వేరియన్సుకు, అంచనా కట్టింది దశాంశమే. ఇంధనం ఊగే తీరు మొదటి పేజీ, గాలి ఊగే తీరు చివరి పేజీ. ఇంధనం పెరిగినప్పుడల్లా గాలి తగ్గుతోందనీ, అందువల్ల నిష్పత్తి రెట్టింపు ఊగుతుందనీ హెచ్చరించే కోవేరియన్స్ మధ్య పేజీ. ఇంజను పరీక్ష జరిగే కేంద్రానికి చేరిన ప్రతిలో ఆ మధ్య పేజీ లేదు. ఉన్న రెండింటినీ కూడి, ఇంజను భద్రమని అక్కడివాళ్లు సంతకాలు పెట్టేశారు. పరీక్ష రోజున ఆ కేంద్రానికి ఫోన్లుండవు.

“ఫైలు మోసుకెళ్లింది ఎవరు సార్?”

“నీ మాజీ భార్య. విదేశీ ముఠాకూ మనకూ ఒకేసారి పనిచేస్తోందని తెలిసీ ఇన్నాళ్లూ వాడుకున్నాం.”

“కాక్‌పిట్‌లో ఎవరు?”

చీఫ్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “మీ తమ్ముడు.”

లిఫ్టు మెకానిక్ వేషంలో, సగం ఊడిన మీసంతో దశాంశం కంట్రోల్ రూములోకి దూసుకెళ్లేసరికి లెక్క ‘మూడు’ దగ్గరుంది. లైటరులో దాచిన సైరన్ మోగించాడు. అందరూ అటు తిరిగారు. ‘ఒకటి’ అన్న మాట పూర్తయ్యేలోగా పరీక్షను ఆపే ఎర్ర బటన్ మీద అతని పిడికిలి పడింది.

పట్టుచీరలో, చెక్కుచెదరని జడతో అతని మాజీ భార్య అక్కడే నిలబడి ఉంది. బేడీలు వేస్తుంటే పెనుగులాడలేదు.

“ఎవరికి ఏ రహస్యం చేరవేశానో నాకు గుర్తుంది,” అంది. “మరిది ప్రాణం అందులో లేదు.”

కాక్‌పిట్ దిగి వచ్చిన తమ్ముడు అన్న ముఖం చూడలేదు. “వదిన అలా చేయదు అన్నయ్యా,” అని మాత్రం అన్నాడు.

మూడు వారాల తర్వాత ఆమెకు యావజ్జీవం పడింది. దశాంశానికి పతకం వచ్చింది. సాక్ష్యం అక్కర్లేదన్నారు, మాయమైన పేజీయే సాక్ష్యమట. ఆ సాయంత్రం అతను తన గదిలో పతకాన్ని మేజా మీద పెట్టబోయి, కింద పడేసుకుని, తీయడానికి వంగాడు. నివేదిక రాసిన రోజున మేజా ఊగుతుంటే విసిగి, చేతికందిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దాని కాలి కింద తనే దోపిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మడత అంచున తన చేతిరాతే కనిపిస్తోంది.

మేజా మాత్రం ఆనాటి నుంచీ ఊగడం లేదు.