తనిఖీకి వచ్చిన మేడం

"మీ కుళాయిలో నీళ్లు రెండు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నాయి," అంది మార్లా, థర్మామీటర్ తుడుచుకుంటూ.

"మేడం, ఈ ఇంట్లో ఇంతమంది తాగుడు మానేశారు. అదెక్కడ రాస్తారు?"

"దానికి మా ఫారంలో గడి లేదండీ. కుళాయికి ఉంది."

ట్రావిస్‌కి ఒళ్లు మండిపోయింది. కెంటకీ కొండల్లో మత్తు మాన్పించే ఈ చిన్న కేంద్రాన్ని నడపలేక అతను జుట్టు పీక్కుంటుంటే, ప్రభుత్వం పంపిన ఈవిడ ఆర్నెల్లుగా నెలనెలా వచ్చి చెత్తబుట్టల మూతలు పరీక్షిస్తోంది. శుక్రవారంతో లైసెన్సు గడువు తీరిపోతుంది. ఈవిడ సరేననకపోతే ఇక్కడివాళ్లంతా రోడ్డున పడతారు.

ఇంత కోపంలోనూ, గేటు దగ్గర ఆమె కారు కనబడగానే తను చొక్కా ఎందుకు మార్చుకుంటాడో అతనికే తెలియదు.

"ఇక మీ ఎర్ల్ గారితో ఒంటరిగా మాట్లాడాలి. రూలు," అని మార్లా గది తలుపు వేసుకుంది.

అక్కడ మత్తు మానుతున్నవాళ్లలో ఒకరు, బొగ్గుగనిలో పనిచేసి వినికిడి పోగొట్టుకున్న ముసలాయన ఎర్ల్. ఆయనతో రహస్యం మాట్లాడాలంటే కేకలు పెట్టాల్సిందే. పైగా రోజూ పొద్దున్నే అందరూ గుండ్రంగా కూర్చుని మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పడమే ఆ ఇంట్లో వైద్యం. అది నేర్పింది ట్రావిసే.

"డైరెక్టర్ గారు మా దగ్గర ఏమైనా దాస్తున్నారా?"

"దాస్తున్నాడమ్మా! నువ్వంటే పడిచస్తున్నాడు! నువ్వొస్తే చాలు, ఉరికెళ్లి చొక్కా మార్చేస్తాడు. నిజాలు చెప్పాల్సింది మాత్రం మేమంట!"

వరండాలో అంతా వింటున్న ట్రావిస్‌కి తల కొట్టేసినట్టయింది. మార్లా బయటికొచ్చింది. ఆమె ముఖం చెవులదాకా ఎర్రబడింది.

"నిజమేనా?"

అవునంటే తనిఖీ ఇక్కడే ఆగిపోతుంది, కాదంటే లైసెన్సు దక్కుతుంది. కానీ కిటికీలో నుంచి ఇంటిల్లిపాదీ తననే చూస్తున్నారు. వాళ్ల ముందు అబద్ధమాడితే రేపట్నుంచి ఏ మొహం పెట్టుకుని నిజం చెప్పమంటాడు?

"నిజమే మేడం."

ఆమె ఫోన్ తీసింది. "సార్, ఇక్కడికి వేరే ఆఫీసర్ని పంపండి. నేను తీర్పు చెప్పకూడదు."

"సరే, కొత్త మనిషి వచ్చేదాకా పాత లైసెన్సే నడుస్తుందిలే," అన్న పైఅధికారి గొంతు ఫోన్లోంచి బయటికే వినిపించింది. ట్రావిస్ ఊపిరి పీల్చుకున్నాడు. అవతల పైఅధికారి మాత్రం ఆగలేదు. "ఏమైందమ్మా? ఆ డైరెక్టర్ వెకిలివేషాలేమైనా వేశాడా?"

"లేదు సార్. ఆయన మనసు సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. నా మనసు సంగతి ఆర్నెల్లుగా తెలుసు."

చెప్పింది ఫోన్లోకే అయినా, ఆమె చూపు మాత్రం ట్రావిస్ మీదే ఉంది.