మార్త లైటు కింద మెంతికూర

అట్టపెట్టె ఎత్తగానే నిఖిల గబుక్కున వెనక్కి జరిగింది.

పెట్టె కింద ట్రేలో మెంతి మొక్కలు అరచెయ్యంత పొడుగున్నాయి. వారం రోజులుగా ఆ ట్రేకు కాస్తంత వెలుతురు కూడా తగల్లేదు. పక్కనే లైటు కింద పెట్టిన ట్రేలో మొక్కలు అందులో సగం కూడా లేవు.

అదెలా సాధ్యం?

వరండాలోకి పరుగెత్తి నాన్న టేపు తెచ్చింది. నాన్న ధనరాజ్‌కు తాండూరులో ఇంటి పక్కనే నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ ఉంది. ఆ ఇంట్లో అన్నింటికీ టేపే న్యాయమూర్తి. ఏ బండ పెద్దదైతే ఆ బండకే విలువ. నిఖిల రెండు ట్రేలనూ కొలిచింది. మళ్ళీ కొలిచింది. టేపు మాట మార్చలేదు.

లైటు ఓడిపోయింది. చీకటి గెలిచింది.

తెల్లారితే వికారాబాద్‌లో సైన్సు ప్రదర్శన.

ఈ ప్రయోగం ఆలోచన ఆమెదే. రాళ్లు కోసేటప్పుడు లేచే పొడి వాళ్ల పెరట్లో ఏ ఆకుకూరనూ బతకనివ్వదు. పొద్దున పచ్చగా ఉన్న పాలకూర సాయంత్రానికి బూడిద రంగులోకి మారిపోతుంది. "ఇంట్లనే పెంచితే?" అంది నిఖిల ఒకరోజు. అంతే, ఏడో తరగతిలో ఆమె పక్కన కూర్చునే మార్త తమ ఇంటి క్రిస్మస్ నక్షత్రంలోని ఎల్‌ఈడీ పట్టీలన్నీ ఊడదీసుకొచ్చింది. తెలుపు, ఎరుపు, నీలం. ఒక రేకు ముక్కకు అడుగున వాటిని వరసగా అంటించింది. మార్త నాన్న మత్తయ్య చిన్న అడాప్టర్ కలిపి ఇచ్చాడు. బండలు అడ్డం పెట్టడంతో కిటికీ మూసుకుపోయిన నిఖిల వాళ్ల స్టోర్ రూమ్‌లో ఆ రేకును తాళ్లతో వేలాడదీశారు. ఒక ట్రేను దాని కింద, పోల్చి చూడటానికి ఇంకోదాన్ని అట్టపెట్టె కింద పెట్టారు.

"మెంతికూర మంచిగ రాకపోతే మా ఇంట్ల నన్నే వండుతరు," అని నవ్వింది మార్త. "నక్షత్రం గుడ్డిదైపాయె మరి."

ఇప్పుడు మార్తకు ఏమని చెప్పాలి? ఆమె కోట్‌పల్లిలో పిన్ని ఇంటికి వెళ్లింది. రేపు అటునుంచి అటే వికారాబాద్ వస్తుంది. అమ్మ ఫోను పక్క గదిలోనే ఉంది. కానీ ఫోన్ చేస్తే మార్త ఏడుస్తుంది.

నిఖిల ట్రేల వైపు చూసింది. ఒకదానికి 'లైటు' అని, ఇంకోదానికి 'చీకటి' అని స్టిక్కర్లు. పొడుగు మొక్కల ఆకులు పసుపుపచ్చగా ఉన్నాయి. ఉంటే ఏం? పొడుగు పొడుగే.

గోటితో స్టిక్కర్ అంచు లేపింది.

"లోపల ఏం జేస్తున్నవ్ బిడ్డా?" వంటింట్లోంచి అమ్మ పద్మమ్మ కేకేసింది.

"ఏం లేదమ్మా. సర్దుతున్న."

స్టిక్కర్లు తారుమారయ్యాయి.

*

మర్నాడు సైన్సు సారు పరశురాంతో కలిసి నిఖిల రైలు దిగి వెళ్లేసరికి ప్రదర్శన హాలు కిటకిటలాడుతోంది. మార్త అప్పటికే బల్ల దగ్గర కాపలా కాస్తోంది.

"తెచ్చినవా? చూపియ్, చూపియ్."

నిఖిల ట్రేలూ లైటు రేకూ బల్ల మీద పెట్టి ప్లగ్గు గుచ్చింది. మార్త ముఖంలో నవ్వు అలాగే ఆగిపోయింది.

"గిదేందే? లైటు ట్రే గిట్ల పాలిపోయిందేంది?"

"పొడుగు చూడవే. రెండింతలున్నది."

మార్త వేలితో ఒక కాడను తాకింది. అది దారంలా వాలిపోయింది, మళ్ళీ లేవలేదు. దాని పక్కదీ వాలింది. రైలు కుదుపులకు మధ్యలో మొక్కలన్నీ అప్పటికే ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

నిఖిల మొక్కల వైపు వంగి చూసింది. నిన్న బాగానే ఉన్నాయి కదా?

అంతలో రజిని మేడం వచ్చారు. ఆమె కాలేజీలో మొక్కల గురించి పాఠాలు చెబుతారు. ఈ రోజు ఏ ప్రాజెక్టు ఎలా ఉందో తేల్చేది ఆమే. 'లైటు' ట్రే మీదికి వంగి చాలాసేపు చూశారు.

"ఈ లైటు ఎవరు చేసిన్రు?"

"నేనే మేడం," అంది మార్త మెల్లగా.

"పని చేసినట్టు లేదమ్మా. మొక్కకు వెలుతురు దొరక్కపోతే అది ఎక్కడుందోనని వెతుక్కుంటూ గబగబా సాగుతది. ఉన్న బలమంతా పొడుక్కే ఖర్చు. కాడల పస ఉండదు, ఆకుల పచ్చదనం ఉండదు. ఇవి చీకట్ల పెరిగినట్టే ఉన్నయి." ఆమె రెండో ట్రే వైపు తిరిగారు. కురచగా, గట్టిగా, ముదురు ఆకుపచ్చగా ఉన్న మొక్కలు. "విచిత్రం. చీకటి అని రాసిన దాంట్ల మాత్రం బంగారం లాంటి మెంతికూర ఉన్నది."

నిఖిల రెండు ట్రేలనూ మార్చి మార్చి చూసింది.

అంటే ఆ లైటు ఓడిపోలేదు. మొదటి నుంచీ గెలుస్తూనే ఉంది. దాన్ని ఓడించింది తను.

మార్త వంగి ప్లగ్గు పీకేసింది. ఆరిపోయిన రేకును మడతపెట్టిన చున్నీలో చుట్టడం మొదలుపెట్టింది.

మేడం పక్క బల్ల వైపు కదిలారు.

"మేడం."

హాలు గోలలో ఆమెకు వినబడలేదు. నిఖిల మళ్ళీ పిలిచింది.

"మేడం, ఆగుండ్రి. స్టిక్కర్లు నేనే మార్చిన."

పరశురాం సారు చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టేశారు. మార్త తలెత్తింది.

"పొడుగున్నయే మంచివనుకున్న. టేపు పెట్టి చూసిన. మార్తకు తెల్వది. ఆమె లైటు మంచిదే."

నిఖిల రెండు స్టిక్కర్లూ పీకి, దేని చోట దాన్ని అంటించింది.

రజిని మేడం స్టిక్కర్లను మరోసారి చదివారు. "ఇప్పుడన్నా చెప్పినవ్," అన్నారు చివరికి. "కానీ ఈ బల్లకు నేను మార్కులు వెయ్యలేను. తెలుసు కదా?"

"వద్దు మేడం. లైటు మంచిగ పని చేసిందని ఒక్కసారి మార్తకు చెప్పుండ్రి చాలు."

మేడం చెప్పారు. మార్త విన్నది. కానీ చూపు మాత్రం నిఖిల మీదే ఉంది.

"నన్ను ఒక్క మాట అడగకపోతివా?" అంది. "ఫోన్ చేస్తే ఏమయ్యేది?"

తిరుగు రైల్లో మార్త వేరే కిటికీ దగ్గర కూర్చుంది.

*

చున్నీలో చుట్టిన లైటును మార్త తీసుకెళ్లలేదు; నిఖిల దాన్ని తెచ్చి మళ్ళీ స్టోర్ రూమ్‌లో వేలాడదీసింది. మార్త దాన్ని తిరిగి అడగలేదు. క్లాసులో కూడా అవసరమైతే తప్ప మాట్లాడలేదు. నిఖిల పాలకూర గింజలు చల్లి, రోజూ నీళ్లు చిలకరించింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం గది తలుపు తీసి కొయ్యబారిపోయింది.

పాలకూర మొలకలన్నీ ఒకే దిక్కుకు వంగిపోయి ఉన్నాయి. ఎవరో గట్టిగా ఊదినట్టు. గదిలో గాలే లేదు.

అమ్మ తొంగి చూసింది. "గదేం పెద్ద పరేషాన్ బిడ్డా. ట్రే జర తిప్పి పెట్టు, అవే సక్కగైతయ్."

నిఖిల చెయ్యి ట్రే దాకా వెళ్లింది. అంచును పట్టుకుంది. తిప్పితే ఎవరికీ తెలియదు.

చెయ్యి వెనక్కి తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది.

మార్త గుమ్మంలో కూర్చుని పల్లీలు ఒలుస్తోంది.

"మార్తా, పాలకూర అంత ఒక్క దిక్కే వంగింది. ఎందుకో నాకు సమజైతలేదు," అంది నిఖిల రొప్పుతూ. "నేనేం ముట్టలే. ఎట్లున్నది అట్లనే ఉన్నది. జర వచ్చి చూస్తవా?"

మార్త చేతిలోని పల్లీకాయను చూసింది. నిఖిల కాళ్లకంటిన రాతిపొడిని చూసింది. ఆ తర్వాత గిన్నె పక్కన పెట్టి లేచింది.

స్టోర్ రూమ్‌లో ఆమె ట్రేను పట్టించుకోలేదు. బండల నేల మీద వెల్లకిలా పడుకుని, రేకు అడుగుభాగం వైపు చూసింది.

"గీ కొసకున్న పట్టీ ఆరిపోయిందే. మొలకలు వెలుతురున్న దిక్కుకు పోతున్నయ్."

"ఏదీ?"

"పైనుంచి ఎట్ల కనబడ్తది?" మార్త పక్కకు జరిగి చోటిచ్చింది. "రా, గీడ పండుకో. చూడు."

నిఖిల ఆమె పక్కనే పడుకుని పైకి చూసింది.