హస్తవాసిగారూ, లోహాల ఫండూ

అతని చెయ్యి పట్టుకున్న రోజున మార్కెట్ పడదు.

ఆ ఆఫీసులో ఈ మాట నమ్మనివారు లేరు. హస్తవాసి అనేది సాధారణంగా డాక్టర్లకు ఉంటుందంటారు. ఇక్కడ మాత్రం దాన్ని మ్యూచువల్ ఫండ్ల మీద నివేదికలు రాసే ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రాడికి అంటగట్టారు. మూడేళ్ళ క్రితం అతను ఉద్యోగంలో చేరిన వారంలోనే క్యాషియరు అతనితో కరచాలనం చేసి, వెళ్ళి ఏదో ఫండు కొన్నాడు. అది పెరిగింది. రిసెప్షన్‌లో ఉండే ఆవిడ కొంది. అదీ పెరిగింది. ఆ మూడేళ్ళూ మార్కెట్లో దాదాపు అన్నీ పెరుగుతూనే ఉన్నాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టినా, అందులో చెప్పుకోవడానికి కథేముంది?

ఎప్పుడైనా మార్కెట్ పడితే, దానికీ సమాధానం సిద్ధంగా ఉండేది.

"ఇవాళ చెయ్యి సరిగ్గా పట్టుకుని ఉండరు!"

క్రమంగా అందరూ అతని పేరు మర్చిపోయారు. "హస్తవాసిగారూ" అన్న పిలుపొక్కటే మిగిలింది. మొదట్లో అతను నవ్వేశాడు. తర్వాత మొహమాటపడ్డాడు. ఆ తర్వాత, చెప్పుకోవడానికి సిగ్గే గాని, కుడిచేతికి రోజూ క్రీము రాసుకోవడం మొదలుపెట్టాడు.

అలాంటి రోజుల్లో, వాన కుండపోతగా కురుస్తున్న ఒక ఉదయం, వెనక్కి తిరగబడ్డ గొడుగుతో కుస్తీ పడుతూ ఒక అమ్మాయి లిఫ్టులోకి దూసుకొచ్చింది. జుట్టు చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. కళ్ళజోడు అద్దాల మీద చినుకులు.

"రిస్క్ విభాగంలో చేరబోయేది మీరేనా? వెల్‌కమ్!" అంటూ అతను చెయ్యి చాపాడు.

ఆమె కళ్ళజోడు తుడుచుకుని ఆ చేతిని పరిశీలనగా చూసింది. డాక్టరు థర్మామీటరును చూసినట్టు చూసింది.

"సారీ అండీ, పట్టుకోను."

"అదేమిటి?"

"మీ సంగతి కింద వాచ్‌మన్ చెప్పాడు. నాకు ఇవాళ నెలనెలా కట్టే ఎస్ఐపీ ఉంది. మీ చెయ్యి పట్టుకున్నాక అది పెరిగితే ఘనత మీకు పోతుంది. పడితే, నేను సరిగ్గా పట్టుకోలేదంటారు. ఎటు చూసినా నష్టం నాకే కదండీ!"

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. ఆమె గొడుగు విదిలించుకుంటూ వెళ్ళిపోయింది. చాపిన చెయ్యి చాపినట్టే ఉండగా, తలుపులు మళ్ళీ మూసుకుని, లిఫ్టు అతన్ని ఒక అంతస్తు పైకి మోసుకుపోయింది.

నెల తిరక్కుండానే ఆమెకూ ఒక పేరు వచ్చింది: బ్రేకులమ్మ. ఎవరు ఏ ఫండును మెచ్చుకున్నా, "బాగుంది, మరి పడితే ఎంత పడుతుంది?" అని అడగడం ఆమె అలవాటు. ఆ ప్రశ్న వినగానే అందరి ముఖాలూ మాడిపోయేవి. అతనికి మాత్రం విచిత్రంగా, ఆ ప్రశ్న వినిపించని రోజున ఆఫీసు చప్పగా ఉండేది.

అప్పుడే లోహాల ఫండు ప్రస్తావన వచ్చింది.

ఉక్కు, రాగి, అల్యూమినియం కంపెనీల్లో మాత్రమే పెట్టుబడి పెట్టే సెక్టార్ ఫండు అది. గత ఏడాది యాభై ఎనిమిది శాతం పెరిగింది. మేనేజరుగారి ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు.

"శుక్రవారం మీటింగుకి నివేదిక కావాలి. 'కొనండి' అని పెద్దక్షరాల్లో! పోస్టరు మీద నీ చెయ్యి ఫోటో వేయిస్తున్నాను. ఇదుగో, బ్రేకులమ్మ సంతకం కూడా ఉండాలట, రూలు. కాస్త నచ్చజెప్పు."

ఆ రాత్రి ఇంట్లో అతను ఈ సంగతి చెప్పాడు. అతన్ని చిన్నప్పటి నుంచి పెంచిన మేనత్త ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం చేసి రిటైరయింది. వాళ్ళుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆవిడ మోకాళ్ళు ఇప్పటికే మొరాయిస్తున్నాయి. రెండేళ్ళలో కింది అంతస్తులో చిన్న ఇల్లు కొనుక్కోవాలని రిటైర్మెంటు డబ్బంతా బ్యాంకులో దాచింది.

"ఒరేయ్, యాభై ఎనిమిదంటే ఒక గది ఎక్కువే వస్తుంది కదరా! అంతా తీసి అందులో పడేస్తాను. శనివారం ఫారం తీసుకురా."

అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం చిన్న మీటింగు గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అద్దాల మీద వాన ధారగా జారుతోంది.

"చూడండి," అన్నాడతను గర్వంగా. "ఐదేళ్ళ లెక్క తీస్తే ఏటా సుమారు ఇరవై నాలుగు శాతం!"

"లెక్క ఎక్కడ మొదలుపెట్టారు?"

"ఐదేళ్ళ క్రితం."

"అది ఫండు అడుగంటిన రోజు. గోతి అడుగు నుంచి కొలిస్తే మెట్టు ఎక్కినవాడు కూడా కొండ ఎక్కినట్టే కనిపిస్తాడు. ఇంకో రెండేళ్ళు వెనక్కి జరపండి."

అతను జరిపాడు. ఏడేళ్ళ క్రితం వంద రూపాయలు. రెండేళ్ళలో అవి యాభై అయిదయ్యాయి. అక్కడి నుంచి ఇప్పటికి నూట అరవై. ఏటా ఏడు శాతం కూడా లేదు!

"ఇదేమిటండీ, అదే ఫండు!"

"ఫండు అదే. మీరు చూసిన కిటికీ వేరు. అందుకే ఒక్క కిటికీ చాలదు. ఒక్కో నెలలో కొన్నవాడికి ఆ పై ఐదేళ్ళలో ఏం వచ్చిందో నెల తర్వాత నెల వరసగా చూడాలి. దాన్నే రోలింగ్ రిటర్న్స్ అంటారు. ఇప్పుడు రిస్కు చూద్దాం. నలభై అయిదు శాతం పడితే, మళ్ళీ పాతచోటికి రావాలంటే ఎంత ఎక్కాలి?"

"నలభై అయిదు."

ఆమె కనుబొమ్మలు ఎగరేసింది. అతను కాలిక్యులేటర్ నొక్కి నాలిక కరుచుకున్నాడు.

"ఎనభై రెండు!"

"ఊఁ. ఆ ఎక్కడానికి పట్టే కాలం కూడా రిస్కే. ఈలోగా డబ్బు అవసరమైనవాడి గతేమిటి?"

అతనికి మేనత్త మోకాళ్ళు గుర్తొచ్చాయి. అయినా ఓడిపోవడం ఇష్టం లేక చివరి అస్త్రం తీశాడు.

"సరే. కాని వాల్యుయేషన్ చూడండి. పీఈ ఆరు! రూపాయి లాభానికి ఆరు రూపాయలే ధర. పదేళ్ళలో ఇంత చవగ్గా ఎప్పుడూ లేదు. దీనికేమంటారు?"

ఆమె బల్ల మీదున్న పెన్ను అతని వైపు దొర్లించింది.

"ధర అరవై, లాభం పది. పీఈ ఆరు. బాగుంది. ఆ లాభం పదిగా ఎప్పుడూ ఉంటుందా?"

అతను పాత సంవత్సరాల లాభాలు తీశాడు. రెండు, మూడు, రెండు, అయిదు, పది. ఒక్కసారిగా కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఆగండి, ఆగండి! లోహాల రేట్లు ఆకాశంలో ఉన్నాయి కాబట్టి లాభం పది. రేట్లు దిగి లాభం మళ్ళీ రెండుకొస్తే, ధర కదలకపోయినా పీఈ ముప్పై! అంటే... ఈ రంగం చవగ్గా కనిపించేది సరిగ్గా అది ఖరీదైనప్పుడే!"

"అబ్బ!" అందామె. చప్పట్లు కొట్టింది కూడా. "ఈ మాట నేను చెప్పకుండా మీరే కనిపెడతారా లేదా అని చూస్తున్నాను. నేను చదువుకునేటప్పుడు ఇది అర్థం కావడానికి నాకు వారం పట్టింది."

ఆ క్షణంలో ఆమె కళ్ళజోడు వెనక మెరిసిన మెరుపు ఏ పట్టికకూ అందేది కాదు. అతను మూడేళ్ళుగా వందలమంది చేతులు పట్టుకున్నాడు గాని, ఇంత ఉత్సాహం ఏ కరచాలనంలోనూ ఎరగడు. తెలియనిది తెలిసిన క్షణంలో ఒళ్ళంతా పాకే వెచ్చదనం అది. పక్కన ఎవరు ఉండగా తెలిసిందన్నది కూడా లెక్కలోకి వస్తుందని అప్పుడే గ్రహించాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆమె ఆగలేదు.

"ఇదే పద్ధతిలో మీ చేతి సంగతీ చూశాను. ఇంతవరకు మీరు కొనమన్న ఫండ్లు ఐదు. అన్నీ పెరిగాయి. కాని మార్కెట్ కూడా పెరిగింది. ఐదింటిలో మూడు మార్కెట్ సూచీ కంటే వెనకబడ్డాయి."

అతను కాలిక్యులేటర్‌ను బల్ల మీద పడేశాడు.

"అంటే వచ్చిన రోజు నుంచి నా గాలి తీయడానికే కాచుకుని ఉన్నారన్నమాట!"

"అయ్యో, నేనన్నది..."

"అర్థమైంది లెండి. బ్రేకులమ్మ అని ఊరికే అనలేదు."

విసురుగా బయటికి నడిచాడు. గొడుగు గదిలోనే మర్చిపోయాడు. ఇంటికి చేరేసరికి ముద్దగా తడిసి ఉన్నాడు. కోపం మూడో అంతస్తు మెట్లు ఎక్కేలోపే సగం చల్లారింది. మిగతా సగం మేనత్తను చూడగానే పోయింది. ఆవిడ తువ్వాలు పట్టుకుని, ఒక్కో అడుగూ గోడ పట్టుకుని వేస్తూ ఎదురొచ్చింది.

"అత్తయ్యా, ఆ ఫండులో పెట్టకు. పడితే సగానికి పడుతుంది. రెండేళ్ళలో లేవకపోవచ్చు. ఇంకోటి... నా చేతిలో ఏమీ లేదు. హస్తవాసీ లేదు, గాడిదగుడ్డూ లేదు."

ఆవిడ అతని తల తుడుస్తూ పకపకా నవ్వింది.

"ఓరి పిచ్చి సన్నాసీ! ముప్పై ఏళ్ళు ఎక్స్‌రేలు తీశానురా. ఎవడి చెయ్యి చూసినా ఇరవై ఏడు ఎముకలే. నీది విరిగినప్పుడు కూడా లెక్కపెట్టాను, ఇరవై ఎనిమిదోది కనిపించలేదు. నువ్వు బాగుందన్నావు, సరేనన్నాను. వద్దంటున్నావు, మానేస్తాను. ఇంతకీ ఆ లెక్కలన్నీ నీకు నేర్పిందెవరు?"

"ఎవరూ కాదు."

"చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎవరూ కాని అమ్మాయిని ఒకసారి చూడాలి."

శుక్రవారం మీటింగు గది కిక్కిరిసింది. పోస్టరు నమూనా గోడకు వేలాడుతోంది: అరచెయ్యి, దాని మీద పైకి దూసుకుపోతున్న బాణం. ఆమె చివరి వరసలో, ఒళ్ళో అతని గొడుగు పెట్టుకుని కూర్చుంది. అతను 'కొనండి' అనేస్తాడనే ఆమె భయం. రెండు రోజులుగా ఒక్క మాటైనా మాట్లాడలేదు మరి.

అతను లేచి ముందుకొచ్చాడు.

"ఈ ఫండు ఇప్పుడు కొనమని రాయలేను. లాభాలు శిఖరం మీద ఉన్నాయి కాబట్టి చవగ్గా కనిపిస్తోంది. రేపే పడుతుందని జోస్యం చెప్పడం లేదు. ఎప్పుడు పడుతుందో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఏడెనిమిదేళ్ళు ఆగగలిగినవారు, తమ పెట్టుబడిలో ఐదు శాతానికి మించకుండా, దఫాలుగా కొనుక్కోవచ్చు. త్వరలో డబ్బు అవసరమున్నవారు దీని జోలికి రాకూడదు."

"అదేంటయ్యా!" మేనేజరు బల్ల చరిచాడు. "మరి నీ హస్తవాసి?"

"అదీ చెబుతాను సార్." తన ఐదు ఫండ్ల లెక్కనూ, పక్కనే మార్కెట్ లెక్కనూ తెర మీద వేశాడు. "నేను కొనమన్నవాటిలో మూడు మార్కెట్ కంటే వెనకే ఉన్నాయి. ఈ లెక్క తీసింది నేను కాదు, వెనక వరసలో ఉన్నావిడ. నాకు ముందే చెప్పారు. వినడానికి రెండు రోజులు పట్టింది."

గదిలో గుసగుసలు. క్యాషియరు తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. మేనేజరు నిట్టూర్చి, పోస్టరును తనే గోడ మీంచి దించాడు.

కారిడార్లో ఆమె పరుగులాంటి నడకతో అతన్ని అందుకుంది.

"మీ గొడుగు!"

"థాంక్సండీ. ఆ రోజు నేను..."

"ఆ రోజు నన్ను పూర్తి చేయనివ్వలేదు మీరు. ఆ లెక్క మీ గాలి తీయడానికి చెప్పలేదు. చేతిని నమ్ముకుని తలను వాడటం మానేస్తున్నారే అని బాధేసి చెప్పాను. మీ తల బాగుంటుంది."

"తలేనా?"

"నివేదిక ఇంకా పూర్తి కాలేదు," అంది ముఖం పక్కకు తిప్పుకుంటూ.

అతను గొడుగు పిడి పట్టుకున్నాడు. "నాదొక కేసుందండీ. వాల్యుయేషన్ చేసిపెట్టాలి. ఒక కుర్రాడు. గతంలో రిటర్న్స్ సాధారణం. పొగరు వల్ల ఈ వారం బాగా పడ్డాడు. రిస్క్ విభాగంలో ఒకావిడ లేని రోజున ఆఫీసు అతనికి ఆఫీసులా ఉండదు. దీర్ఘకాలానికి... జీవితకాలానికి ఆవిడకి పనికొస్తాడా?"

ఆమె గొడుగు పిడి వదల్లేదు. అతనూ వదల్లేదు.

"ఒక్క రోజు చూసి చెప్పే రకం కాదు నేను. లిఫ్టులో చూశాను, కోపంలో చూశాను, ఇందాక అందరి ముందూ ఓడిపోతుంటే చూశాను. ప్రతి కిటికీలోంచీ చూశాను."

"మరి? పడితే ఎంత పడతాడు?"

"పడితే పడ్డాడు," అంది ఆమె. "నేను మాత్రం అమ్మెయ్యను."

అతను కారిడార్ అదిరేలా నవ్వాడు. పక్క సెక్షన్‌లో తలలన్నీ ఒక్కసారే లేచాయి.

సోమవారం ఉదయం మేనత్త ఆఫీసుకొచ్చింది. తన డబ్బును ఏ ఒడిదుడుకులూ లేని చోట ఉంచడానికి ఫారాలు నింపాలని వంక. అసలు పని ఏమిటో అందరికీ తెలుసు. ఆవిడ ఆ అమ్మాయిని ఎగాదిగా చూసి, పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏమ్మా, మావాడి చెయ్యి ఒక్కసారి కూడా పట్టుకోలేదటగా?"

"ఆ చెయ్యి పట్టుకుంటే మార్కెట్ ఎప్పుడూ పడదు అన్న మాటను పడగొట్టడానికి ఒక్కసారి చాలండి, అత్తయ్యగారూ. సరైన రోజు కోసం ఆగాను." ఆమె మార్కెట్ తెర వైపు చూసింది. అప్పుడే తొమ్మిదింపావు, మార్కెట్ తెరిచే వేళ. "ఇవాళ నాకు ఎస్ఐపీ లేదు. పోయేదేమీ లేదు."

అని, అందరూ చూస్తుండగా అతని కుడిచేతిని అందుకుంది. వేళ్ళలో వేళ్ళు వేసి బిగించింది.

మేనత్త కళ్ళు తుడుచుకుని, "ఇక్కడ ఎక్స్‌రే అక్కర్లేదు, బయటికే కనిపిస్తోంది. నాకు కింది అంతస్తులో రెండు గదులు చాలవురా, మూడు చూడు!" అంది. రిసెప్షన్ ఆవిడ ఈల వేసింది. క్యాషియరు మాత్రం పరుగున వెళ్ళి ఏదో కొనేశాడు.

వాళ్ళు మధ్యాహ్నం దాకా ఆ చెయ్యి వదల్లేదు. అతను నివేదిక ఎడమచేత్తోనే టైపు చేశాడు. సరిగ్గా పట్టుకోలేదని ఈసారి ఎవరూ అనడానికి వీల్లేదు.

ఆ రోజు మార్కెట్ రెండు శాతం పడింది.