కట్టింది కల్పలత

"ఈ విమానం ఎవరు కట్టారండీ?" షెడ్డులోకి వస్తూనే అడిగాడు సత్యదేవ్.

"నేనే." రెక్క కింద నుంచి బయటికొచ్చింది కల్పలత.

"అంటే, ఇంజనీర్ ఎవరని."

"తెలుగులనే చెప్పిన గదా, నేనే అని."

కాప్రాలో కల్పలత వాళ్ల నాన్న తలుపులు చేసే కార్ఖానా అది. అందులో సగం విమానానిదే. విమానాలకు పర్మిషన్లు ఇప్పించే ఆఫీసులో పనిచేసే సత్యదేవ్, సికింద్రాబాద్ నుంచి ఒక కబురు తెచ్చాడు. ఓ కంపెనీ దీన్ని తనే తయారుచేసినట్టు రిజిస్టర్ చేయిస్తుందట. అప్పుడు తొందరగా ఎగరొచ్చట.

"మరి నా పేరు?"

"ఉండదండీ. అది ఫార్మాలిటీ..."

"అమెరికాల సగం కన్నా ఎక్కువ పని సొంతంగ చేస్తే ఎక్స్‌పెరిమెంటల్ అని ఒప్పుకుంటరు. ఇంగ్లండ్‌ల అయితే ఎగరనీకె వేరే పర్మిట్ ఇస్తరు. ఆడ కట్టినోళ్లకు పేరుంటది. నువ్వేమో నా పేరు తీసేసి ఎగురమంటున్నవ్."

"ఇక్కడా దారుందండీ. ఇరుకు దారి. ఏళ్లు పట్టొచ్చు."

"పట్టనీ."

మల్కాజ్‌గిరిలో ఇల్లు చేరేదాకా, ఆమె కనుబొమ్మ మీది అల్యూమినియం పొడి అతని కళ్లముందు నుంచి కదల్లేదు. మర్నాడు బాస్‌తో, ఆ కబురు మళ్లీ మోయనని చెప్పేశాడు. ఉద్యోగం పోయింది. ఆదివారం షెడ్డు ముందు నిలబడ్డాడు.

"మీ పేరుతోనే అప్లై చేద్దాం. రివెట్లు కొట్టడం నేర్పండి, సాయం చేస్తాను."

"నువ్వు కొడితే నేను సొంతంగ చేసిన పని లెక్క తగ్గుతది. లైటు పట్టుకో."

పట్టుకున్నాడు. రేకుల మీద వాన మోగుతుంటే, ఆమె తిడుతుంటే, ఆమె నవ్వుతుంటే కూడా పట్టుకున్నాడు. ఆఫీసర్లు వచ్చి, "ఇదంతా మీరే చేశారా?" అని పదేపదే అడిగారు. ప్రతిసారీ ఆమే జవాబు చెప్పింది. అతను నోరు మెదపలేదు. ఎందుకో, అదే ఆమెకు అన్నిటికన్నా నచ్చింది.

రెండు వానాకాలాలు పోయాక పర్మిట్ వచ్చింది, ఆమె పేరుతోనే.

ఊరవతల రన్‌వే మీద, ఆమె సీటు బెల్టు బిగించుకుంటుంటే అతను పక్క సీట్లో కూర్చున్నాడు.

"దిగు. మొదటిసారి పైలట్ ఒక్కరే ఉండాలె."

"రూలు నాకూ తెలుసండీ. ఒక్క మాట చెప్పి దిగుతా."

"నువ్వు చెప్పేలోపు పొద్దుగూకుతది. నేనే చెప్త. నిన్ను చేసుకుంట. మీ అమ్మతోని సుత మాట్లాడిన."

"అమ్మ ఏమంది?"

"ముందు క్షేమంగ దిగు తల్లీ, తర్వాత మాట్లాడుకుందాం అన్నది."

అతను దిగాడు. విమానం పరుగెత్తింది, లేచింది, పొలాల మీదుగా ఓ పెద్ద చుట్టు తిరిగింది. చక్రాలు నేలను తాకి, ఒకసారి ఎగిరిపడి, మళ్లీ నిలదొక్కుకున్నాయి.

సత్యదేవ్ ఫోన్ తీశాడు.

"అమ్మా, దిగింది."